కుక్కకాటుకు ఇమ్యునోగ్లోబ్యులిన్: ఇచ్చే చేతి అనుభవం

కుక్క కరిచి వచ్చినవాళ్లంతా టీకా గురించే అడుగుతారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ మాట ఎత్తేది మేమే. పన్ను దిగి నెత్తురు వచ్చినా, చిట్లిన చర్మం మీద నాకినా, చొంగ కంట్లోనో నోట్లోనో పడినా మూడో కేటగిరీ, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాల్సిన రకం కిందే లెక్క. టీకాతో ఒళ్లు తనంతట యాంటీబాడీలు (వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్లు) తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోపు రేబిస్ వైరస్ నరం ఎక్కకుండా గాయంలోనే అడ్డుకోవడానికి, రేబిస్ టీకా వేయించుకున్న దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి తీసిన యాంటీబాడీలు వాడతాం. అదే మానవ ఇమ్యునోగ్లోబ్యులిన్.

ముందు కడగడం. కొళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి మరీ. ఇంట్లో అద్దిన కారం, పసుపు, సున్నం అంతా పోవాలి. తర్వాత క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ పూత.

బరువు నోటిమాటగా చెబితే రాసుకోను, తూకం ఎక్కిస్తాను. మానవ ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలోకు 20 యూనిట్లు. 60 కిలోల మనిషికి 1200. మి.లీ.కి 150 యూనిట్లుండే 2 మి.లీ. వాయిల్స్ (మందు సీసాలు) అయితే నాలుగు. 15 కిలోల పిల్లకి ఒకటి చాలు. గుర్రం రక్తం నుంచి తీసే సీరమ్‌కు కిలోకు 40, ల్యాబ్‌లో తయారయ్యే మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ) మందు రాబీషీల్డ్‌కు 3.33. లేబుల్ చదవకుండా ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే మోతాదు తలకిందులవుతుంది. మించినా ముప్పే, టీకా పనితనం తగ్గుతుంది.

అసలు పని గాయం దగ్గరే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచిన వాయిల్‌ను గది వేడికి రానిచ్చి, సన్న సూదితో గాయం లోతుకీ అంచుల చుట్టూ కొద్దికొద్దిగా ఎక్కిస్తాను. ఎన్ని పళ్లగాట్లుంటే అన్నింటికీ. ఒక్కటి వదిలినా అది వైరస్‌కు తెరిచిన తలుపే. చిన్నపిల్లలకు తల, ముఖం మీద గాట్లు ఎక్కువ, బరువును బట్టి వచ్చే మందు తక్కువ. అప్పుడు మోతాదు పెంచను, సెలైన్ కలిపి అన్ని గాట్లకూ అందేలా చేస్తాను. వేలి కొనలో చోటుండదు. బలవంతంగా నింపితే వేలు బిగుసుకుని రక్తప్రసరణ ఆగుతుంది, తెల్లబడుతుంటే అక్కడితో ఆపాలి.

మిగిలిన మందు పిరుదుకు పొడిచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. అక్కడ దానికి పనేముంది? 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గాయానికే పరిమితం చేయమంది.

టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఒకే సిరంజిలో కలపకూడదు, ఒకే చోట వేయకూడదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున 0 (మొదటి మోతాదు వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో. కుట్లు సాధ్యమైనంత వరకు వేయం; తప్పనిసరైతే మందు ఎక్కించాకే, అదీ వదులుగా. గుర్రం సీరమ్‌కు చర్మ పరీక్ష ఫలితం మీద భరోసా పెట్టుకోను, తీవ్రమైన అలర్జీ వస్తే వేయడానికి అడ్రినలిన్ పక్కనే ఉంచుతాను. మానవ రకంతో రియాక్షన్ అరుదు.

మొదటి రోజు మందు దొరక్కపోతే టీకా మొదలుపెట్టి, 7 రోజుల్లోపు తెచ్చి వేయాలి. ఆ తర్వాత అక్కర్లేదు. లోగడ టీకా కోర్సు పూర్తిచేసి, కాగితం చూపించినవాళ్లకూ వద్దు. 0, 3 రోజుల్లో టీకా చాలు.

పిల్లలైతే వాళ్ల టీకా కార్డు మీద తేదీ, మోతాదు రాసి ఇస్తాను. మానవ ఇమ్యునోగ్లోబ్యులిన్ పడ్డాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు 4 నెలలు వాయిదా వేయాలి.