నా మొదటి మిడ్‌టర్మ్ ఓటు

2020లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు నాకు ఓటు లేదు, గ్రీన్ కార్డే ఉంది. అయినా ఇంట్లో, ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి అదే మాట, పెన్సిల్వేనియా లెక్కింపు తేలేదాకా మాకెవరికీ సరిగ్గా నిద్ర లేదు. 2022లో సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి, నవంబరులో మిడ్‌టర్మ్‌లో, అంటే రెండు అధ్యక్ష ఎన్నికల మధ్యలో కాంగ్రెస్‌కి (అమెరికా పార్లమెంటుకి) జరిగే ఎన్నికల్లో, మొదటిసారి ఓటు వేయబోతున్నానని సంబరంగా చెబితే మాత్రం చాలామంది "ఇప్పుడేం ఎన్నికలు?" అన్నారు. నిజంగా బాధేసింది.

దేశమంతా అలాగే ఉంది. 2020లో ఓటు హక్కున్నవాళ్లలో సుమారు 66 శాతం ఓటేస్తే, 2022లో 46 శాతం దగ్గర ఆగిపోయింది. కానీ మనవాళ్లు ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు లైన్లో ఉండటానికి కారణమైన 7 శాతం పరిమితి (ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశంవాళ్లకి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న రూలు) చట్టంలో ఉంది, అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయగలిగింది కాదు, మిడ్‌టర్మ్‌లో మనం ఎన్నుకునే ఆ కాంగ్రెసే మార్చాలి. 2019లో ఉద్యోగాల కోటాలో దాన్ని ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365–65తో పాసైంది, 2020 చివర్లో సెనేట్ కూడా మార్పులతో పాస్ చేసింది, కానీ రెండు సభలూ ఒకే రూపానికి ఒప్పుకోకుండానే గడువు ముగిసి బిల్లు పోయింది. ఆ రోజుల్లో మా ఫ్రెండ్స్ పడిన టెన్షన్ చూసినవాణ్ని, మిడ్‌టర్మ్‌ని చిన్న ఎన్నిక అని ఎలా అనుకుంటాను?

ఇక నా సంగతి. మాది టెక్సస్. ఇక్కడ పోలింగుకి 30 రోజుల ముందే ఓటరుగా నమోదవ్వాలి. ఫారం నింపి పోస్టులో పంపాను, సంతకం మర్చిపోయానని ఉత్తరం వచ్చింది, మళ్లీ పంపాను. గడువుకి ముందే చేశాను కాబట్టి సరిపోయింది, మీరూ చివరి వారం దాకా ఆగకండి.

అసలు కష్టం బ్యాలెట్‌తో. శాంపిల్ బ్యాలెట్ తెరిస్తే ప్రతినిధుల సభ సీటుతో మొదలై, గవర్నర్ మీదుగా జడ్జీల దాకా పోతూనే ఉంది. పార్టీ పేరు ఒక్కటి నొక్కితే అన్నిటికీ ఓటు పడే పద్ధతి 2020 నుంచి ఇక్కడ లేదు, ఒక్కో పదవికీ విడిగా ఎంచుకోవాల్సిందే. రెండు సాయంత్రాలు కూర్చున్నాను. రైల్‌రోడ్ కమిషనర్ అంటే రైళ్లు చూస్తారేమో అనుకున్నా, తీరా చదివితే ఆ పదవి చూసేది చమురు, గ్యాస్. కౌంటీ (మన జిల్లా లాంటిది) జడ్జి అసలు పని కౌంటీ పాలన, మన ప్రాపర్టీ ట్యాక్స్‌లో కౌంటీ వాటా ఎంతో నిర్ణయించే కమిషనర్ల కోర్టుకు (పేరుకే కోర్టు, నిజానికి కౌంటీ పాలక మండలి) ఆయనే అధ్యక్షత వహిస్తారు. మా జీతంలోంచి ఏటా కట్టే డబ్బు గురించి నిర్ణయించేవాళ్ల పేర్లు నేను అప్పటిదాకా విననైనా లేదు.

లోపల ఫోన్ వాడనివ్వరు కాబట్టి కాగితం మీద రాసుకుని అక్టోబరు చివర్లో ముందస్తు ఓటింగ్‌కి వెళ్లాను. లైనే లేదు. డ్రైవింగ్ లైసెన్స్ చూపించాను, కాగితం చూసుకుంటూ ఒక్కోటీ ఎంచుకుని, చివర్లో మళ్లీ మొదటి నుంచి సరిచూసుకున్నాను. బయటికి రాగానే మా ఆవిడకి ఫోన్ చేశాను. తన ప్రమాణం ఇంకా కాలేదు, తన కోసం ఒక ఖాళీ ఓటరు నమోదు ఫారం అప్పుడే తెచ్చి పెట్టాను.