ఆరంభం ఉన్నంత మాత్రాన కర్త ఉన్నట్టేనా?

పుట్టిన ప్రతిదానికీ కారణం ఉంటుంది. విశ్వం ఒకనాడు పుట్టింది. కనుక విశ్వానికీ కారణం ఉంది. పదకొండో శతాబ్దపు తత్త్వవేత్త అల్ గజాలీ బలంగా వినిపించిన ఈ వాదాన్ని మొదటిసారి చదివినప్పుడు, ఇంత పెద్ద ప్రశ్న మూడు చిన్న వాక్యాలలో తేలిపోతుందా అని ఆశ్చర్యపోయాను. దేవుణ్ణి నమ్మేవాడిని కనుక ఈ వాదం నిలబడాలనే కోరిక నాకు ఉంది. ఆ కోరిక ఉన్నందువల్లనే దీనిని మరింత గట్టిగా పరీక్షించాలని అనిపించింది.

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. చిక్కంతా రెండవదానితోనే. గతానికి మొదలు లేకపోతే, నేటి రోజు రావడానికి ముందు అనంతమైన రోజులు గడిచిపోయి ఉండాలి, అనంతం గడిచి ముగియడం అసాధ్యం అంటారు. వినడానికి తిరుగులేనిదిగా ఉన్నా, మొదలు లేని గతంలో ఏ రోజును ఎంచుకున్నా, ఆ రోజుకూ నేటికీ మధ్య ఉన్న రోజులు లెక్కకు అందేవే. అనంత దూరంలో ఉన్న ఒక తొలిరోజు నుంచి ఎవరో నడక మొదలుపెట్టారని మనకు తెలియకుండానే ఊహించుకుంటున్నామేమో అనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వాదానికి విజ్ఞానశాస్త్రం అండ దొరికినట్టు కనిపించింది. 1965లో పెంజియాస్, విల్సన్ అనే రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు తమ ఆంటెన్నాలో ఎంతకూ వదలని ఒక రొదను గురించి ప్రకటించారు. లోపల గూడు కట్టిన పావురాలను తరిమి, వాటి రెట్టలు కడిగినా ఆ రొద పోలేదు. అది విశ్వం శైశవం నాటి వేడికి జాడగా మిగిలిన కిరణాల రొద. అయితే ఆ కిరణాలు బయలుదేరింది మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) తరువాత సుమారు 3,80,000 ఏళ్లకు. అంతకుముందరి తొలి క్షణాన్ని, దానికి ముందు ఏమీ లేదన్న విషయాన్ని అవి నేరుగా చూపలేవు. విశ్వం ఒక ఆదిమ పరమాణువు నుంచి విస్తరించిందని 1931లో ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త లెమైత్ర్ స్వయంగా క్రైస్తవ మతాచార్యుడు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ విజ్ఞానంలో సృష్టికి సాక్ష్యం ఉందన్నట్టు మాట్లాడినప్పుడు లెమైత్ర్ సంతోషించలేదు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు వెలుపలిదని భావించాడు. ఆ నిగ్రహం పట్ల నాకు ఎంతో గౌరవం.

విశ్వానికి ఆరంభం ఉందని తర్కంతో నిరూపించలేమని పదమూడో శతాబ్దంలోనే క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ఒప్పుకున్నాడు, అయినా దేవుణ్ణి గురించిన వాదాన్ని వదులుకోలేదు. అనాదిగా వెలుగుతున్న దీపం ఒకటి ఉందనుకుందాం. దాని కాంతి ఫలానా క్షణంలో మొదలైందని చెప్పలేం, కానీ ప్రతి క్షణమూ ఆ కాంతికి ఆధారం దీపశిఖే. ఉదయనుని వంటి నైయాయికులు, అంటే న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు, భూమి మొదలైనవి కుండలాగా అవయవాలు కూడి ఏర్పడ్డాయి కనుక కార్యాలేనని, అంటే ఒక కారణం వల్ల కలిగినవేనని, కార్యానికి కర్త ఉండాలని అన్నప్పుడు కూడా, కాలానికి ఒక తొలి క్షణం ఉందని నిరూపించవలసిన అవసరం వారికి రాలేదు.

అందుకే నాకిప్పుడు "ఎప్పుడు మొదలైంది?" అనే ప్రశ్నకన్నా "దేనిమీద నిలిచి ఉంది?" అనే ప్రశ్నే బరువైనదిగా తోస్తుంది. ఆ ఆధారం ఒకటి ఉందని నేను నమ్ముతున్నాను, కానీ అది మనల్ని ఎరిగినదేనా అన్నది ఈ వాదంతో తేలదు. దానికి వేరే దారి వెతుక్కోవాలి.