మెతుక్కీ నీళ్లకీ మధ్య అరగంట

ఒడిశాలోని మా రాయగడలో ఎండాకాలం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే చెయ్యి ముందు నీళ్ల గ్లాసు మీదికే పోతుంది. నాది మరీ విపరీతం. రెండు ముద్దలకొక గుక్క, చివర్న పల్చటి మజ్జిగన్నం, దాని మీద మళ్లీ గ్లాసుడు నీళ్లు. నలభై రెండేళ్లు అలాగే తిన్నాను. 2023 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాక డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలు ఒక కాయితం నిండా ఉన్నాయి. తీపి తగ్గించమన్నారు, సరే. నూనె తగ్గించమన్నారు, సరే. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా ముట్టకూడదు అన్నారు. అక్కడ మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడు నా బరువు 112 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. సుగర్ వచ్చి పదకొండేళ్లు. ఇంట్లో జాకెట్లు కుడతాను, మోకాళ్ల నొప్పితో మిషను తొక్కలేక మోటారు పెట్టించుకున్నాను. మేం వెళ్లింది స్లీవ్ చేయిద్దామని. అంటే పొట్టలో ముప్పాతిక వంతు కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం. కానీ నాకు రాత్రిళ్లు గొంతులోకి పులుపు తన్నుకొచ్చేది. స్లీవ్‌తో అది ఇంకా పెరగొచ్చు, పైగా సుగర్ కూడా ఉంది కాబట్టి బైపాస్ మంచిదన్నారు. పొట్ట పైభాగంలో చిన్న సంచిలా విడదీసి, దాన్ని తిన్నగా చిన్న పేగుకి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిండి దాంట్లోకి పోదు. ఆ సంచిలో పట్టేది 30 మిల్లీలీటర్లు, అంటే దగ్గు మందు మూతతో రెండు మూడు మూతలు. డబ్బు సంగతంటారా, అత్త పోస్టాఫీసు డబ్బూ మా ఆయన చీటీ డబ్బూ కలిపితే సరిపోయింది. అది వేరే కథ.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు అన్నీ నీళ్లలాంటివే. ఆస్పత్రి వాళ్లిచ్చిన ప్లాస్టిక్ గిన్నె మా అత్తకి నచ్చలేదు. అటక మీది పెట్టె దింపించి, మా ఆయనకి చిన్నప్పుడు పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమింది. దాంతోనే పప్పు కట్టు, వడకట్టిన చోడి అంబలి, మజ్జిగ తేట. ఒక్కో ఉగ్గుగిన్నె తాగడానికి పావుగంట పట్టేది. తొందరపడితే రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టు నొప్పి. ప్రోటీన్ పొడి కూడా ఇచ్చారు. సుద్ద కలిపిన పాలలా ఉంటుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పను.

తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి. రెండు నెలలు దాటాక మామూలు తిండి మెల్లగా మొదలుపెట్టమన్నారు. అన్నం మీద నాకు మోజు. ఒకరోజు వేడన్నంలో కందిపప్పు, నెయ్యి కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గా నమల్లేదు. నాలుగో ముద్దకి గుండె దగ్గర బిగుసుకుపోయింది. నోట్లో నురగలా లాలాజలం ఊరిపోతోంది, మింగితే కిందికి దిగదు. గంట సేపు కడవ దగ్గర కూర్చుని ఉమ్ముతూ ఉన్నాను, చివరికి వాంతయ్యాక గానీ ఊపిరి ఆడలేదు. మెత్తటి అన్నం లోపల జిగురు ముద్దలా అంటుకుపోతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు మా అత్త గుమ్మంలో నిలబడి, “ఓలమ్మో, పిచిక కూడా ఇంతకన్నా ఎక్కువే తింటాది గదే” అని కళ్లు తుడుచుకుంది. ఇరవై రెండేళ్లుగా నాకు కొసరి కొసరి వడ్డించిన మనిషి ఆమె. వద్దంటే కోపం వచ్చిందనుకుంటుంది. ఆపరేషన్ నా పొట్టకే చేశారు గానీ ఆమె చేతికి చెయ్యలేదు కదా.

కంచంలో వరస మారింది. ముందు గుడ్డో, చేపో, పప్పో. తర్వాత కూర. అన్నం చోటుంటే చివర్న రెండు చెంచాలు. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ అందాలన్నారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, మరి మిగతాది ఎక్కణ్నుంచి? మా వీధి చివర మిఠాయి కొట్టులో పొద్దున్నే పాలు విరగ్గొట్టి ఛెనా తీస్తారు. పంచదార కలపకముందే నాకు పావు కిలో కట్టివ్వమని చెప్పుకున్నాను. ఉప్పూ మిరియాలూ జల్లుకుని రెండు రోజులు తినేదాన్ని. రసగుల్లా కావలసిన ఛెనాకి మిరియాలా అని కొట్టతను నవ్వేవాడు. పాలు మాత్రం పడలేదు. అరగ్లాసు తాగితే కడుపులో గుడగుడ, గ్యాసు. అదీ మామూలు గ్యాసు కాదు. పరీక్షలకి విశాఖపట్నం వెళ్తూ రైల్లో పార్వతీపురం దగ్గర నేనే సీటు వదిలి తలుపు దగ్గరికి పోయాను, ఎదుటి వాళ్ల మొహాలు చూడలేక. పెరుగు పడింది, అంతవరకు అదృష్టం.

నీళ్ల సంగతికొస్తే, భోజనంతో వద్దన్నారు గానీ రోజుకి లీటరున్నర తాగి తీరాలి. గడగడా తాగలేను. మిషను పక్కన సీసా పెట్టుకుని, జాకెట్టుకి ఒక్కో హుక్కు కుట్టాక ఒక గుక్క అని లెక్క పెట్టుకున్నాను. మాత్రల్లోనూ ఇదే గొడవ. ఐరన్‌కీ కాల్షియంకీ ఎడమొహం పెడమొహం, రెండింటి మధ్యా రెండు గంటలుండాలి. బీ12, డీ విటమిన్లతో కలిపి ఇవి జన్మంతా వాడాలి. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది, గిరాకీల జాకెట్ల మీద నా వెంట్రుకలు ఏరుకునేదాన్ని. కొన్ని నెలలకి మళ్లీ మొలిచింది. వీధిలో వాళ్లు “ఏటమ్మా ఇలాగ చిక్కిపోయావు, డాక్టరుకి చూపించుకున్నావా?” అనేవారు. డాక్టరుకి చూపించుకుంటేనే ఇలా అయ్యాను తల్లీ అని ఎంతమందికని చెప్పను!

ఆ జూన్‌లో ఒడియా వాళ్ల రజో పండగొచ్చింది. పక్కింటి ఒడియా మౌసీ పోడ పిఠా చేసి తెచ్చింది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి, అంచులు నల్లగా కాలి ఘుమఘుమలాడుతోంది. “టికే ఖా, మా” అంది. కొంచెమే తిను అన్న మాటకి కాదనలేక రెండు ముక్కలు తిన్నాను. ఇరవై నిమిషాలు కాలేదు. గుండె దడదడ, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, పరుగున దొడ్లోకి. తర్వాత గంట సేపు చాప మీద కదల్లేక పడుకున్నాను. దీన్ని డంపింగ్ అంటారు. మామూలు పొట్టకి అడుగున ఒక తలుపుంటుంది, తిండిని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. నాకిప్పుడు ఆ తలుపు దారి లేదు. తీపి ఒక్కసారిగా పేగులో పడుతుంది, పేగు చుట్టుపక్కల నీటినంతా లాక్కుంటుంది. మౌసీ పాపం తన పిఠాలో ఏదో పడిందని హడలిపోయింది.

దానికన్నా నన్ను భయపెట్టింది మరో ఏడాదికి జరిగింది. అప్పటికి బరువు 76, సుగర్ మాత్రలు ఆపించి చాలా కాలమైంది. చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి, ప్రసాదం పులిహోర, రెండు అరటిపళ్లు తిని ఇంటికొచ్చాను. దడ రాలేదు, విరేచనం లేదు, హమ్మయ్య అనుకున్నాను. రెండు గంటల తర్వాత సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణుకుతున్నాయి, సూది రెండుగా కనిపిస్తోంది. సుగర్ మళ్లీ పెరిగిపోయిందనే నా గుబులు. డబ్బాలో పాత మాత్రలు మిగిలున్నాయి, ఒకటి చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ఆయన “ఉండవే, ముందు చూద్దాం” అని వేలికి సూది గుచ్చాడు. సుగర్ చూసే మిషన్‌లో 52 చూపించింది. పెరగడం కాదు, పడిపోయింది. ఆ మాత్ర మింగి ఉంటే ఏమయ్యేదో. ఉన్నపళాన గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి పట్టాడు, పావుగంటకి మళ్లీ చూస్తే 88. బైపాస్ అయిన కొందరికి ఏడాది దాటాక ఇలా అవుతుందట. పిండి పదార్థం గబగబా రక్తంలోకి చేరితే ఒళ్లు అవసరానికి మించి ఇన్సులిన్ వదిలేస్తుందన్నారు డాక్టరు గారు. ఆ రోజే పాత మాత్రలన్నీ పారేయించారు. ఇప్పుడు పులిహోర తినాలనిపిస్తే ముందు ఒక గుడ్డు, తర్వాత మూడు చెంచాల పులిహోర.

ఇంకొక్క మాట, నాలాంటి వాళ్ల కోసం. మోకాలి నొప్పికి ఒక మందుల షాపులో ఏమీ అడగకుండా మామూలు నొప్పి బిళ్లలిచ్చారు. బైపాస్ అయినవాళ్లకి అలాంటి వాటితో సంచినీ పేగునీ కలిపిన చోట పుండు పడొచ్చు. ఆస్పత్రి కాయితంలో రాసుంది కాబట్టి వాడలేదు. ఆ కాయితం మడతలు చిరిగిపోయినా ఇంకా నా పర్సులోనే ఉంది.

మొన్న శ్రావణంలో పార్వతీపురంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. అరిటాకులు వేశారు. నేను ఆకు మీద పప్పూ గుడ్డు కూరా పెట్టించుకుని, గ్లాసు బోర్లించేశాను. నీళ్లు పోస్తున్న కుర్రాడు ఆగిపోయాడు. “ఏటండీ, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది బాబూ. తినడం అయ్యాక అరగంట పోయి తే.”

నవ్వేసి వెళ్లిపోయాడు. నేను చెయ్యి కడుక్కుని పందిరి బయట కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి చూద్దును కదా, నిజంగానే గ్లాసు పట్టుకుని వెతుక్కుంటూ వస్తున్నాడు. టైము చూసుకున్నాను. ఇంకా పది నిమిషాలుంది. పక్క కుర్చీలో పెట్టమన్నాను.