ఫియట్ ఇంజన్‌తో మా లోటస్ సెవెన్: కళ్లంలో ఏడో ఆదివారం

ఈ ఆదివారం బండి మొదటిసారి గీత గీసినట్టు నేరుగా పోయింది. ఆరు వారాలుగా పడ్డ తంటాలన్నీ దీనికోసమే, అందుకే ముందు ఆ మాట చెప్పేస్తున్నాను.

బండి సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇది లోటస్ సెవెన్‌కు రెప్లికా. అసలు బండిని 1957లో ఇంగ్లండ్‌లో కోలిన్ చాప్‌మన్ తెచ్చాడు. దాన్నే నడుపుకుంటూ రేసుకు వెళ్లి, పందెంలో తిప్పి, మళ్లీ దాంట్లోనే ఇంటికొచ్చేవాళ్లు. విడి సామానుగా కొంటే పన్ను మిగిలేది కాబట్టి చాలామంది ఇంటి దగ్గరే బిగించుకున్నారు. తొలి బండ్లలో వేసిన ఫోర్డ్ ఇంజన్ 1172 సీసీ, బలం 40 హార్స్ పవర్. మేం వేసింది పాత ప్రీమియర్ పద్మిని ఇంజన్ (ఫియట్‌దే), 1089 సీసీ. బలంలో పెద్ద తేడా లేదు, నాకు అది చాలా తృప్తి. ఇంకా పెద్ద ఇంజన్ వేయమని చాలామంది చెప్పారు కానీ, ఈ బండి అందం బరువు తక్కువలో ఉంది, బలంలో కాదు. ముందు చక్రాల విష్‌బోన్లు (చక్రాన్ని చాసిస్‌కు కలిపి పైకీ కిందికీ ఆడనిచ్చే చేతులు), వెనక యాక్సిల్ కూడా ఫియట్‌వే. స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీ, మారుతి 800ది. చాసిస్‌కు (బండి చట్రానికి) 25 మి.మీ. చదరపు పైపు, 1.6 మి.మీ. మందం.

రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి రోడ్డెక్కించం. పర్లాకిమిడి నుంచి చోటా హాతీ మీద వేసుకుని, గుణుపూర్ దారిలో కాశీనగర్ దాటాక ఉన్న మావయ్యగారి రైస్‌మిల్లుకు తీసుకెళ్తాం. అక్కడ ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, దాని వెనక జీడితోటలో 700 మీటర్ల సొంత రోడ్డు ఉంది. హెల్మెట్, నాలుగు పట్టీల బెల్టు, తల వెనక రోల్ బార్ (బండి బోల్తా పడితే తలను కాపాడే ఇనుప కమ్మీ), పక్కన మంటలార్పే సిలిండర్ లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయం.

ఇబ్బంది ఏమిటంటే, గంటకు యాభై కిలోమీటర్లు దాటాక చిన్న గతుకు తగిలినా బండి పక్కకు లాగేది. స్టీరింగ్ మీద చెయ్యి కదలకపోయినా సరే. అలైన్‌మెంట్ అనుకుని దారం కట్టి రెండుసార్లు సరిచేశాం. ఆగిన బండిలో అంతా బాగానే ఉంది, గతుకు తగిలితే మళ్లీ అదే కథ. అప్పుడు మా మిస్త్రీ అన్నాడు: "ఆజ్ఞా (అయ్యా), నిలబెట్టి చూస్తే దొరకదు. చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి చూద్దాం."

స్ప్రింగులు తీసేశాం. హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) ప్లైవుడ్ పలక బిగించి, ముందు చివర ఒక మేకు, వెనక చివర ఒక మేకు కొట్టి, రెండింటికీ ఎదురుగా అట్ట నిలబెట్టాం. జాకీతో చక్రాన్ని 20 మి.మీ. పైకి లేపితే, ముందు మేకు బయటికి జరిగి, రెండు మేకుల మధ్య 4 మి.మీ. తేడా వచ్చింది. అంటే గతుకు ఎక్కిన ప్రతిసారీ ఆ చక్రం తనంతట తానే తిరుగుతోంది. ర్యాక్ ఎత్తు విష్‌బోన్ల ఎత్తుకు కుదరకపోతే ఇలాగే అవుతుంది, దీన్నే బంప్ స్టీర్ అంటారు. ర్యాక్ కింద వాషర్లు వేస్తూ, మళ్లీ కొలుస్తూ పోతే, 8 మి.మీ. దగ్గర తేడా ఒక మిల్లీమీటరు లోపుకు దిగింది. ఒక పూట పని. చాసిస్ వెల్డింగ్ చేసేటప్పుడే ఇది కొలుచుకోవాలి, మీరు కడుతుంటే మాత్రం మరిచిపోకండి.

రెండోది బ్రేకు. గట్టిగా తొక్కితే కుడి ముందు చక్రం ముందే బిగిసిపోయేది. డ్రమ్ములు విప్పి చూస్తే తప్పేమీ కనబడలేదు. బరువు తక్కువ పడిన చక్రం ముందే బిగిసిపోతుంది, అందుకే మిల్లు కాటా మీద ఒక్కో చక్రాన్నీ తూచాం. మావయ్య వచ్చి "బస్తాలు తూచే కాటా మీద కారేంట్రా!" అన్నారు గానీ, చెక్కలు తెప్పించి ఇచ్చింది ఆయనే. కాటా ఎంత ఎత్తుందో మిగతా మూడు చక్రాల కింద అంతే ఎత్తు చెక్కలు ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నన్ను సీట్లో కూర్చోబెట్టి తూస్తే ముందు ఎడమ 150, ముందు కుడి 136, వెనక ఎడమ 159, వెనక కుడి 189 కిలోలు. మొత్తం 634, అందులో నేను 72. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 339. రెండో మూల జత 295 మాత్రమే. నాలుగు కాళ్ల కుర్చీ కింద ఒక కాలు పొట్టిగా ఉన్నట్టు! ముందు కుడి, వెనక ఎడమ స్ప్రింగులు ఆనే గిన్నెలు కొంచెం పైకి తిప్పాక, అదే వరుసలో 141, 145, 168, 180 వచ్చాయి. బిగిసిపోవడం ఆగింది.

టైర్లలో గాలి కూడా తగ్గించాం. ఇంత తేలిక బండికి 28 పౌండ్లు చాలా ఎక్కువ. 18 పౌండ్లకు దించాక గతుకుల మీద ఎగిరెగిరి పడటం తగ్గింది.

ఇక ఆదివారం. కూర్చుంటే నేల చేతికందుతుంది. ముందు చక్రాలు రెండూ కళ్ల ముందే ఆడుతుంటాయి, ఏ చక్రం ఏ గతుకెక్కిందో చూస్తూ నడపొచ్చు. జీడితోట రోడ్డు మీద మూడో గేరులో 80 దాకా వెళ్లాను. మధ్యలో నీటి పైపు కోసం తవ్విన చోట, అంతకుముందు ప్రతిసారీ గుండె జారేది. ఈసారి నడుము కింద ఓ దెబ్బ తెలిసింది, అంతే, స్టీరింగ్ నిలకడగా ఉంది. పెడల్స్ దగ్గర చోటు ఇరుకు, సన్నటి కాన్వాస్ బూట్లయితేనే బ్రేకు తొక్కితే యాక్సిలరేటర్ తగలదు.

ఒక్కటి మిగిలింది. కళ్లంలో ఎడమవైపు పెద్ద చుట్టు తిప్పితే ఆయిల్ లైటు మినుకుమంటోంది. ఆయిలంతా కుడివైపుకు ఒరిగి, పంపు గొట్టానికి అందడం లేదన్నమాట. బేరింగులు పోతాయని వెంటనే ఆపేశాం. సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి, లోపల అడ్డు రేకులు వెల్డింగ్ చేయడానికి బరంపురం పంపాను. శనివారానికి ఇస్తామన్నారు. ధాన్యం రావడానికి ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి, ఆ తర్వాత కళ్లం మాది కాదు.