ఆషాఢ పున్నమికి భద్రకాళి గుడిలో

ఆషాఢ పున్నమి నాడు వరంగల్ భద్రకాళి అమ్మవారి మీద పట్టుచీర కనిపించదు, నగలు కనిపించవు. పాదాల నుంచి కిరీటం దాకా బీరకాయలు, వంకాయలు, కాకరకాయలు, ఆకుకూరలు. నడుమ ముఖం ఒక్కటే. ఈ శాకంబరి అలంకారాన్ని నేను ఫోటోల్లో చూడడమే కానీ ఎదురుగా నిలబడి చూసింది లేదు. మా అత్తమ్మ పుట్టిల్లు హనుమకొండ. "ఒక్కపారి చూడు బిడ్డా, మళ్ల మళ్ల నువ్వే అడుగుతవ్" అని ఏటా అనేది. ఏటా పిల్లల స్కూలో, నా ఆఫీసో అడ్డం వచ్చేది. ఈసారి సెలవు పెట్టి ఇద్దరం కరీంనగర్‌లో బస్సెక్కాం. అత్తమ్మ చేతిలో గుడ్డ సంచి, దాని నిండా మా పెరట్లో కాసిన లేత బీరకాయలు. నలిగిపోతాయని హుజూరాబాద్ దాటినా ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు.

ముందురోజు సాయంత్రానికే చేరుకున్నాం. అత్తమ్మ తమ్ముడి ఇంట్లో సామాను పడేసి నేరుగా గుడికి. కూరగాయలు ఇచ్చి వచ్చేద్దామనే వెళ్లాం కానీ, దండలు గుచ్చే ఆడవాళ్లు జరిగి చోటిచ్చేసరికి మేమూ కూర్చున్నాం. చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ అదో పనితనం. దబ్బనానికి సుతిలి ఎక్కించి కాకరకాయను తొడిమ దగ్గర గుచ్చితేనే నిలుస్తుంది. నడుమ గుచ్చితే బరువుకు చీలి కింద పడుతుంది. బెండకాయది ఇంకో తంటా. నాలుగు కాయలు ఎక్కాయో లేదో సుతిలి అంతా జిగురు, ఐదోది ముందుకు జరగనంటుంది. నా పక్కనున్న పెద్దావిడ ఒళ్లో తడిగుడ్డ పెట్టుకుని, కాయ కాయకూ దబ్బనం తుడుచుకుంటూ నా కంటే మూడింతలు జోరుగా గుచ్చుతోంది. పచ్చిమిరపకాయలు గుచ్చే వంతు వచ్చిన అమ్మాయి మాత్రం కళ్ల నీళ్లు భుజానికి తుడుచుకుంటూ నవ్వుతోంది.

శాకంబరి కథ దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో వస్తుంది. నూరేళ్లు వానలు లేక లోకం ఎండిపోయినప్పుడు వస్తాననీ, నూరు కళ్లతో చూస్తాననీ, మళ్లీ వానలు పడేదాకా తన ఒంట్లోంచి పుట్టిన శాకాలతో లోకాన్ని బతికిస్తాననీ అమ్మవారు మాటిస్తుంది. ఆ కథను ఆషాఢంలోనే ఎందుకు తలచుకుంటారో రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పత్తి గింజలు పెట్టి మొగులు దిక్కు చూస్తూ కూర్చునే రోజులవి. మొలక వచ్చాక వాన ముఖం చాటేస్తే మళ్లీ విత్తనాల ఖర్చు. ఆ సాయంత్రం దండలు గుచ్చుతూ ఆడవాళ్లు మాట్లాడుకున్నది కూడా ఎక్కువగా వాన గురించే. "మీ దిక్కు పడ్డదా?" "యాడ, నాలుగు చినుకులు." ఇక్కడ శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా పదిహేను రోజులూ ఉత్సవమే. కూరగాయల అలంకారం చివరి రోజుది.

పున్నమి పొద్దున క్యూ గురించి చెప్పడానికి ఏమీ లేదు, అన్ని గుళ్ల లాంటిదే. గర్భగుడి ముందుకు వచ్చాక మాత్రం తోసే చేతుల్ని కూడా మరిచిపోయాను. అమ్మవారి విగ్రహం ఒకే రాతిది, ఎత్తూ వెడల్పూ తొమ్మిదేసి అడుగులు. మామూలు రోజుల్లో ఎనిమిది చేతులూ చూడొచ్చు. కుడివైపు ఖడ్గం, చురిక, జపమాల, డమరుకం. ఎడమవైపు ఘంట, త్రిశూలం, నరికిన తల, పానపాత్ర. పెళ్లయిన కొత్తలో వచ్చినప్పుడు ఒక్కో చేతినీ లెక్కపెట్టుకుంటూ చూశాను. ఈసారి ఆ చేతులన్నీ పచ్చదనంలో మునిగిపోయాయి. మా బీరకాయలు ఎక్కడున్నాయో వెతకబోయాను, అన్ని బీరకాయల్లో అవేవో ఎలా తెలుస్తుంది! అత్తమ్మ మాత్రం కుడి భుజం దగ్గరున్నవి మనవేనని ఖాయం చేసేసింది.

గుడిని క్రీ.శ. 625లో చాళుక్య రాజు రెండో పులకేశి, వేంగి మీద గెలుపుకు గుర్తుగా కట్టించాడని చెప్తారు. తర్వాత కాకతీయులకు ఇలవేల్పయింది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కాక గుడి వైభవమూ పోయింది. 1950లో గణపతి శాస్త్రి అనే దేవీ ఉపాసకుడు పూనుకుంటే, మగన్‌లాల్ సమేజా అనే వ్యాపారి, ఊరివాళ్లు కొందరు చేయి కలిపి బాగు చేయించారు. కోహినూరు వజ్రం ఒకప్పుడు ఈ తల్లి ఎడమ కన్నని ఇక్కడ ఆటో ఎక్కిన ప్రతిసారీ వినపడుతుంది. ఆ కథ మీద నాకు పెద్ద గురి లేదు. నా మనసంతా 1950 దగ్గరే ఆగుతుంది.

ఎందుకంటే అంతకు ముందు ఈమెది ఉగ్రరూపం. నాలుక బయటికి చాచి ఉండేదట, జంతుబలులు జరిగేవట. జీర్ణోద్ధారణప్పుడు బలులు మాన్పించి, నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి శాంతమూర్తిని చేశారు. నెత్తురు పారిన గుడిలో ఇప్పుడు వంకాయలు, సొరకాయలు. బలులు పోవడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. ముఖం మార్చడమే మింగుడు పడదు. కోపంగా ఉన్న తల్లిని చల్లబరచడానికి మనమెవరం? మెట్లు దిగుతూ అత్తమ్మతో అదే అన్నాను.

"మా అమ్మమ్మ గుడికి రావాల్నంటెనే భయపడేదట. గిప్పుడు సంటి పిల్లలు సుత భయపడ్తలేరు, మంచిగనే అయింది గద" అంది. నాలుగు మెట్లు దిగాక మళ్లీ ఆమే, "కోపం ఏడికి పోతది? కత్తయితే చేతులనే ఉన్నది" అంది.

వచ్చే ఆదివారం ఊళ్లో పోచమ్మకు బోనం. అక్కడ కోడి తప్పదు. ఈ తల్లికి బీరకాయలు, ఆ తల్లికి కోడి, రెండూ ఒకే ఆషాఢంలో, ఒకే చేత్తో. నాకు వచ్చే అనుమానాలేవీ అత్తమ్మకు రావు.

గుడిని ఆనుకునే చెరువు. గణపతిదేవుని మంత్రి హరి తవ్వించాడంటారు. కాకతీయుల కాలంలో గుడి, చెరువు జంటగా వెలసిన చోట్లు మన దగ్గర తక్కువేం కాదు, రామప్పకు వెళ్లినా అంతే. 2024 చివర్లో పూడిక తీయడానికి ఈ చెరువు నీళ్లు వదిలేసినప్పుడు, ఫోన్లో ఆ ఫోటోలు చూసి అత్తమ్మ సరిగ్గా తిండి తినలేదు. కట్ట మీద నడవడానికి ఇప్పుడు మంచి దారి ఉంది, సాయంత్రాలు బాగుంటుంది.

ఇంటికి పోయి కాసేపు నడుం వాలుద్దామంటే అత్తమ్మ వినలేదు. పద్మాక్షి గుట్ట ఎక్కాల్సిందేనంది. నాకు ఈ గుట్టంటే భద్రకాళి గుడి కంటే ఒక పాలు ఎక్కువ ఇష్టం. పైన బండను ఆనుకుని ఉన్న అమ్మవారి గుడి ఒకప్పుడు బసది, అంటే జైనుల గుడి. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ దీన్ని కట్టించిందని 1117 నాటి శాసనం అక్కడే నల్లరాతి స్తంభం మీద ఉంది. స్తంభం నాలుగు వైపులా తీర్థంకరుల బొమ్మలు. లోపల బండకు చెక్కిన జైన మూర్తులకు తర్వాత రంగులేశారు. ఆ రంగులు చూస్తే చరిత్ర చదివినవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. కానీ మొక్కడానికి వచ్చేవాళ్లు లేకపోతే ఈ బొమ్మలు ఈపాటికి ఏ ముళ్లకంపలోనో ఉండేవని కూడా అనిపించింది. అత్తమ్మ పసుపు కుంకుమ పెట్టి, చీర కొంగు నెత్తిన కప్పుకుని, కొబ్బరికాయ కొట్టించింది.

గుట్ట కింద గుండం ఉంది. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ ఆడవాళ్లు వేల మంది ఇక్కడికే బతుకమ్మలు తెచ్చి, ఆడి పాడి, నీళ్లలో సాగనంపి, మలీద పంచుకుంటారు. అత్తమ్మ పెళ్లికి ముందు ఏటా ఇక్కడే ఆడింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఆషాఢ పున్నమి రోజే గురుపూర్ణిమ కూడా, అందుకని జనం మామూలుగా ఉండరు. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందురోజే చేరుకుని, పొద్దున్నే దర్శనం చేసుకోవడం మేలు. పద్మాక్షి గుట్టకు మబ్బు పట్టిన రోజైతే ఎప్పుడైనా ఫరవాలేదు, ఎండ రోజైతే రాయి కాలుతుంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తమ్మ సద్దులకు మళ్లీ వస్తున్నామని తమ్ముడికి చెప్పేసింది, నన్ను అడక్కుండానే. హనుమకొండలో తంగేడు పువ్వు దొరకడం కష్టమైపోయిందట, గునుగూ అంతేనట. రెండూ మా ఊరి నుంచే తెస్తానని మాటిచ్చింది.