తాతయ్య పద్యాల పేజీలకు సున్నాలు పెట్టిన కథ

మా తాతయ్య తనకు నచ్చిన పద్యాలన్నీ, కింద ప్రతిపదార్థంతో సహా, రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో రాసి పెట్టుకున్నారు. కాగితాలు పసుపెక్కి అంచులు పొడిపొడిగా రాలుతుంటే భయమేసి, మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీశాను. మొత్తం 412. వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, 1 నుంచి 412 దాకా నంబర్లే పేర్లుగా పెట్టి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్‌తో ఒకే పీడీఎఫ్‌గా కలిపి అమ్మకు పంపాను.

పది నిమిషాల్లో ఫోన్. "ఒరే, మొదటి పేజీలో పద్యం రెండు పాదాలు చదివి పేజీ తిప్పితే ఇంకేదో పద్యం వస్తోందేంట్రా?"

చూస్తే వరుస 1, 10, 100, 101 అంటూ పోతోంది. రెండో పేజీ 112వ స్థానంలో ఉంది. ఫైలు పేరులో ఉన్నది మనకు అంకె, కంప్యూటర్‌కు అక్షరాల వరుస. నిఘంటువులో మాటలు పేర్చినట్టు ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోతుంది. అన్ని పేర్లూ ఒకే పొడవుంటే ఈ గొడవ ఉండదు. అంటే 1కి బదులు 001, 10కి బదులు 010 కావాలి.

పైథాన్‌లో విలువను కావలసిన రూపంలో రాయించే ఎఫ్-స్ట్రింగ్ అని ఒకటుంది. అందులో కోలన్ పెట్టి 03 అని రాస్తే ముందు సున్నాలు చేరతాయని గుర్తుంది. ఫైలు పేరులో చుక్కకు ముందున్న భాగం తీసుకుని అలాగే రాసి, పేర్లు మార్చే ప్రోగ్రామ్ నడిపాను. ఎర్రర్ ఏదీ రాలేదు. ఫోల్డర్ తెరిస్తే 371 ఫైళ్లే ఉన్నాయి.

నలభై ఒక్క పేజీలు లేవు. చేతులు చల్లబడ్డాయి. 100 అన్న ఫైలు తెరిస్తే అందులో పదో పేజీ కనిపించింది. 700 అని ఒక ఫైలు ఉంది. అసలు ఉన్నవే 412 పేజీలైతే 700 ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ అర్థమైంది. సున్నాలు ముందు కాకుండా వెనక చేరాయి. 7 కాస్తా 700 అయింది, 70 కూడా 700 అయింది. 1, 10, 100 మూడూ ఒకే పేరుకు చేరాయి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైలు పేరు మార్చే పైథాన్ రీనేమ్, ఆ పేరుతో ఇంకో ఫైలు ఉన్నా అడగదు, దాని మీదే రాసేస్తుంది.

తప్పు ఎక్కడంటే, ఫైలు పేరులోంచి తీసిన 7 సంఖ్య కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. పైథాన్ సంఖ్యను కుడివైపుకి జరుపుతుంది, స్ట్రింగ్‌ను ఎడమవైపు ఉంచి మిగిలిన ఖాళీని నింపుతుంది. పైథాన్ 3.10కి ముందు వెర్షన్లలో స్ట్రింగ్‌కు ఇలా 03 రాస్తే ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. ఆ తర్వాత నుంచి నోరెత్తకుండా వెనక సున్నాలు పెడుతుంది. నా మటుకు పాత పద్ధతే నయం.

ఫొటోలు ఫోన్‌లో ఇంకా ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. రెండోసారి ముందుగా ఇంట్‌తో సంఖ్యగా మార్చి, 03 పక్కన డి కూడా చేర్చాను. ఆ డి ఉంటే, పొరపాటున స్ట్రింగ్ వచ్చినా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఉన్న ఫైళ్ల పేర్లు మార్చకుండా, కొత్త పేర్లతో వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. దానికి ముందే కొత్త పేర్లన్నీ, ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటిగానే లెక్కించే సెట్‌లో వేసి, లెక్క 412 వచ్చాకే కాపీ మొదలుపెట్టాను.

ఈలోగా అమ్మ పద్యాల పట్టిక టైపు చేసి పంపింది. తాతయ్య పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో వేశారు, అమ్మ కూడా ౪౭, ౧౧౮ అని అలాగే కొట్టింది. ఆ నంబర్లను ఫైలు పేర్లతో కలపాలి. స్ట్రింగ్‌కు ముందు సున్నాలు చేర్చడానికి జెడ్‌ఫిల్ అని ఒకటుంది కదా అని వాడి చూస్తే 0౪౭ వచ్చింది. సున్నా ఇంగ్లిష్ అంకె, మిగతావి తెలుగువి. ఆ పేరుతో ఏ ఫైలూ దొరకదు. ఇంట్‌కు మాత్రం ౪౭ ఇస్తే చక్కగా 47 అని చదివింది. తెలుగు అంకెలు పైథాన్‌కు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు, చాలా సంతోషమేసింది. దాన్నే ఫార్మాట్ చేస్తే 047.

అంతా కలిపాక పట్టికలో 118 దాకా పద్యాలు సరిగ్గా దొరికాయి. అక్కడి నుంచి ప్రతిదీ ఒక పేజీ వెనక్కి పోతోంది. మళ్లీ సున్నాల తప్పేమో అని గంటసేపు ప్రోగ్రామే వెతికాను. చివరికి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, వరుసగా రెండు పేజీల మూలల్లోనూ ౧౧౮ అనే ఉంది. తాతయ్యే రెండుసార్లు వేశారు.

ఆయన వేసిన నంబర్లు దిద్దడానికి మనసొప్పలేదు. వాటిని అలాగే ఉంచి, పట్టికలో ఫైలు పేరు కోసం పక్కన ఇంకో గడి చేర్చాను.