పల్లిపాడు: ఆయుధాల కోసం కొన్న నేల

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి వెళ్లేవారు పల్లిపాడులోని గాంధీ సత్యాగ్రహాశ్రమం వైపు తిరిగి చూడరు. తిరుగు ప్రయాణంలో నేను ఒక ఆటో మాట్లాడుకున్నాను. అతను అడిగిన కిరాయికి నెల్లూరులో ఇద్దరు చేపల పులుసుతో కడుపు నిండా భోజనం చేయవచ్చు. పైగా "గాంధీ బిల్డింగా సార్? ఆడ పాతిల్లు తప్ప ఏముండాది?" అని విసుక్కున్నాడు. బేరం తెగక అడిగినంతా ఇచ్చుకున్నాను.

పెన్న ఒడ్డున ఉన్న ఆ పాత భవనానికి రుస్తుంజీ పేరు పెట్టారు. 1897లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గాంధీజీ మీద మూక దాడి చేసినప్పుడు తన ఇంట ఆశ్రయమిచ్చిన పార్శీ వర్తకుడాయన. ఈ కట్టడానికి 10 వేల రూపాయలు విరాళమిచ్చాడు. ఊరూరా రాట్నం తిరగాలన్న విజయవాడ కాంగ్రెస్ సమావేశం ముగిసిన వారంలోనే, 1921 ఏప్రిల్ 7న, గాంధీజీ వచ్చి ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ ఆశయాలుగా దాన్ని నడపడానికి పూనుకున్నవారు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య.

నాతోపాటు చూడవచ్చిన ఒక కుటుంబం మాత్రం, గాంధీగారు ఏ గదిలో పడుకున్నారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. నాకు కొంత చిరాకు కలిగింది. ఈ స్థలం దాత పొణకా కనకమ్మ. గాంధీ మార్గంలోకి రాకముందు ఆమె స్వాతంత్ర్యోద్యమంలో అతివాదుల పక్షాన ఉండి, రహస్యంగా ఆయుధ శిక్షణ ఇప్పించాలన్న తలంపుతో పల్లిపాడులో కొన్న పొలమే తరువాత సత్యాగ్రహాశ్రమమైంది. తుపాకులు పేలవలసిన చోట దారం వడికారన్న ఈ సంగతి తెలిశాక గోడలు, కిటికీలు చూసే చూపే మారిపోతుంది. మా తాతగారు కట్టించిన మండువా లోగిలిలో తరువాతి తరాలవారు వాటాలు తేల్చుకోవడం తప్ప మరే కోరికా పెట్టుకోలేదు. ఇక్కడ కోరిక మారినప్పుడు నేలనే ఇచ్చివేశారు.

ఆ కోరికా అక్కడితో ఆగలేదు. ఆశ్రమం మొదలైన రెండేళ్లకే, 1923లో, ఆమె నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది కూడా గాంధీజీయే. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆమె రాయవెల్లూరు జైలుకూ వెళ్లారు. పల్లిపాడు భవనాన్ని ఒక చూపుగా చూసి వచ్చేవారు ఈ విద్యాలయ ప్రాంగణాన్ని కూడా కలుపుకోకపోతే కథ సగమే తెలుస్తుంది. ఆదివారం కావడంతో నాకు గేటు తెరవలేదు. ప్రహరీ బయట నిలబడి చూసి, అక్కడినుంచి బస్టాండుకు మళ్లీ ఆటోకు బేరమాడవలసి వచ్చింది.